వాలెన్సియా అంచున అల్బొరాయా: నాన్నతో ఒక పూట

కిందటి సెప్టెంబరులో అమ్మానాన్న జర్మనీలో మా దగ్గరున్నప్పుడు నాలుగు రోజులకని స్పెయిన్‌లోని వాలెన్సియా వెళ్లాం. రెండో రోజుకే చర్చిలు, మ్యూజియంలు చూసి నాన్నకు విసుగొచ్చింది. పొలాలుండే చోటికి తీసుకెళ్లమన్నారు. అలా అల్బొరాయా వెళ్లాం. వాలెన్సియాకు ఉత్తరాన, నగరాన్ని ఆనుకునే ఉంటుంది. వాలెన్సియా మధ్యలోని కొలోన్ స్టేషన్‌లో మెట్రో మూడో లైను ఎక్కితే నేరుగా ఊళ్లోనే దిగొచ్చు.

చివరి అపార్ట్‌మెంటు గోడ దాటగానే చేలు మొదలు. దూరం నుంచి ఊడ్చిన వరిలా పచ్చగా ఉంది. నాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక ఆకును వేళ్ల మధ్య నలిపి చూశారు. "ఒరేయ్, ఇది తుంగరా! పొలమంతా తుంగే!"

నిజమే. చూఫా అంటారు దాన్ని. మనం పీకి గట్టున పారేసే తుంగకు దాయాది. ఏప్రిల్, మే నెలల్లో వేసి, చలికాలంలో గడ్డలు తవ్వి, కడిగి, గాలి ఆడే అటకల మీద సుమారు మూడు నెలలు ఆరబెడతారు. నానబెట్టి, రుబ్బి, వడగట్టి, పంచదార కలిపితే ఓర్చాతా అనే పానీయం. 1995 నుంచి 'వాలెన్సియా చూఫా'కు ప్రాంతీయ గుర్తింపు కూడా ఉంది. ఎండు గడ్డలు కొని నమిలితే ఎండుకొబ్బరిలా తియ్యగా ఉన్నాయి.

మేం మధ్యాహ్నం రెండున్నరకి వెళ్లి పొరపాటు చేశాం. ఐదు దాకా చాలా దుకాణాలు మూసే ఉన్నాయి. మీరు సాయంత్రమే వెళ్లండి. ఓర్చాతా చల్లగా, చిక్కగా ఉంది. చుక్క పాలు లేవు. అమ్మ రెండు గ్లాసులు తాగింది. దాంట్లో ముంచుకునే ఫార్తోన్ అనే పొడవాటి బన్నులో గుడ్డు ఉంటుందని తెలిసి ముట్టలేదు. శాకాహారులు ముందే అడగడం మంచిది.

బస విషయంలో మాత్రం తప్పు చేశాను. మొదటి రెండు రాత్రులు పోర్ట్ సప్లాయాలో ఫ్లాటు తీసుకున్నాను. అల్బొరాయాకు చెందిన సముద్రతీరం అది. రంగురంగుల ఇళ్లు, గుమ్మాల ముందు పడవలు, చూడ్డానికి చాలా బాగుంది. కానీ పాత ఊరికీ దానికీ మధ్య పెద్ద హైవే. మెట్రో లేదు, బస్సు కోసం ఎదురుచూడాలి. పైగా ఫ్లాటువాళ్లు తాళంచెవి ఇచ్చేసరికి గంటన్నర పట్టింది. పెద్దవాళ్లు ఎండలో సూట్‌కేసుల మీద కూర్చోవలసి రావడం నాకు చాలా బాధనిపించింది. తర్వాత వాలెన్సియా నగరంలోని తూరియా తోట దగ్గరి హోటల్‌కి మారాం. లిఫ్టు, పక్కనే మెట్రో, ఉదయం పళ్లు, పెరుగు దొరికాయి. పెద్దవాళ్లతో వెళ్తే నగరంలోనే ఉండి అల్బొరాయాకు వెళ్లిరండి.

వీలైతే గురువారం కలిసొచ్చేలా చూసుకోండి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకు వాలెన్సియా కెథెడ్రల్ గుమ్మం దగ్గర నీళ్ల పంచాయతీ కూర్చుంటుంది. 2009లో యునెస్కో జాబితాకెక్కింది. నల్ల అంగీల్లో రైతు ప్రతినిధులు వలయంగా కూర్చుంటారు. ఎవరైనా వంతు తప్పి నీళ్లు మళ్లించుకున్నా, కాలువ పాడుచేసినా తగువు అక్కడే, నోటిమాటగానే తేలిపోతుంది. మా ఊళ్లో కాలువ నీళ్లు వదిలే లస్కరుతో ఏళ్ల తరబడి వాదించిన నాన్న, జనాన్ని తోసుకుని ముందుకెళ్లి నిలబడ్డారు.

ఒక్కో కాలువ పేరూ గట్టిగా పిలిచారు. అల్బొరాయా చేలకు నీళ్లిచ్చే రస్కాన్యా పేరు కూడా పిలిచారు. ఫిర్యాదుతో ఎవరూ ముందుకు రాలేదు. ఐదు నిమిషాల్లో లేచి వెళ్లిపోయారు. ఇంతేనా అని అమ్మ అడిగింది.

"చివరి చేనుకి కూడా నీళ్లందాయన్నమాట" అన్నారు నాన్న.