లండన్ చైనాటౌన్: మధ్యాహ్నమా, రాత్రా?

నన్నడిగితే తిండి కోసమైతే మధ్యాహ్నం, సందడి కోసమైతే శుక్ర, శనివారాల రాత్రి. డిమ్ సమ్ (చిన్న చిన్న చైనీస్ పలహారాలు) అసలు పగటి తిండి, చైనాటౌన్ ప్రధాన వీధి జెరార్డ్ స్ట్రీట్‌లో చాలా చోట్ల సాయంత్రం 5 గంటలకల్లా ఆపేస్తారు, అందుకే పన్నెండింటికే వెళ్లి కూర్చుంటే వెదురు బుట్టలు పొగలు కక్కుతూ వస్తాయి, మూత తీయగానే పల్చటి పొరలోంచి గులాబీ రంగు రొయ్య కనిపిస్తుంది చూడండి, ఆ ఒక్కదాని కోసమే వెళ్లొచ్చు. జనం కూడా కాస్త తక్కువ.

రాత్రి లెక్క వేరు. ఎర్ర లాంతర్లు, అద్దాల వెనక వేలాడుతూ నిగనిగలాడే కాల్చిన బాతులు, షాఫ్ట్స్‌బరీ అవెన్యూ దాటితే సోహో బార్లు. కానీ చుట్టుపక్కల థియేటర్లలో నాటకాలు ఎక్కువగా 7:30కి మొదలవుతాయి, అంతకుముందు ఎక్కడ చూసినా క్యూలే, టేబుల్ దొరికినా తొందరపెడతారు. తొమ్మిది దాటాక వెళ్లడమే మేలు. ఇంటికెలా అన్న టెన్షన్ వద్దు, శుక్ర, శనివారాల రాత్రులు పక్కనే ఉన్న లెస్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచి పికడిల్లీ, నార్తర్న్ లైన్ల మెట్రో రైళ్లు తెల్లవార్లూ ఉంటాయి. బిల్లులో మాత్రం 12.5 శాతం సర్వీస్ చార్జ్ ముందే కలిపేశారేమో చూసుకోండి, అది చూడకుండా మళ్లీ టిప్ ఇచ్చి నేనోసారి నాలుక్కరుచుకున్నా.