పెద్ద మొక్కకు మట్టి కుండీయా, డ్రమ్మా, గ్రో బ్యాగా? లోపల నింపే మట్టిని బట్టి తేల్చుకోండి

ఆరుబయట పెద్ద మొక్క పెంచాలనుకునేవాళ్లు చాలామంది ముందు కుండీ కొంటారు. ఆ తర్వాత ఏ మట్టి దొరికితే అది తెచ్చి నింపుతారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుందని నా గట్టి అభిప్రాయం. గోడల్లోంచి తడి ఆరిపోయే కుండీకి నీళ్లు పట్టి ఉంచే మట్టి కావాలి. గోడల్లోంచి చుక్క కూడా పోనివ్వని తొట్టికి నీళ్లు వదిలేసే మట్టి కావాలి. రెండూ తడి ఆపితే వేళ్లు కుళ్లుతాయి. రెండూ వదిలేస్తే మండుటెండల్లో పూటపూటకీ నీళ్లు పోయాల్సి వస్తుంది. అందుకే ఈ రెండింటినీ జతగా ఎంచుకోవాలి.

ముందు సైజు సంగతి. 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న గుండ్రటి కుండీలో సుమారు 20 లీటర్ల మట్టి పడుతుంది. ఒక టమాటా మొక్కకో, వంగ మొక్కకో అది చాలు. అదే 45 సెంటీమీటర్ల వెడల్పు, లోతు ఉంటే సుమారు 70 లీటర్లు పడుతుంది. కొలతలు ఒకటిన్నర రెట్లే పెరిగినా మట్టి మూడు రెట్లు దాటింది. నిమ్మ, దానిమ్మ, అంజూర లాంటి చెట్లకు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. మట్టి ఎక్కువగా ఉంటే త్వరగా ఎండదు, త్వరగా వేడెక్కదు. ఒకరోజు నీళ్లు పోయడం మరిచిపోయినా చెట్టు తట్టుకుంటుంది.

అయితే బరువు చూసుకోవాలి. ఆ 70 లీటర్ల తొట్టిని మామూలు నేలమట్టితో నింపి బాగా తడిపితే 120 కిలోలు దాటుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్ట్ ఎక్కువగా కలిపితే దాదాపు సగానికి తగ్గుతుంది. మేడ మీద పెట్టేవాళ్లు ఎప్పుడూ తడిసిన బరువునే లెక్కలోకి తీసుకోవాలి. అలాంటివి నాలుగైదు పెట్టే ముందు ఇంజినీర్‌ని అడగండి.

ఇక కుండీలు. కాల్చిన మట్టి కుండీ గోడల్లో సన్నటి సందులుంటాయి. వాటిలోంచి తడి ఆవిరవుతుంటే లోపలి మట్టి చల్లబడుతుంది, గాలి కూడా ఆడుతుంది. ఎడారి గులాబీ, రోజ్‌మేరీ లాంటి, పొడినేల కోరుకునే మొక్కలకు ఇంతకంటే మంచిది లేదు. కానీ పెద్ద సైజులో బరువెక్కువ, తగిలితే పగులుతుంది. నీళ్లు గడ్డకట్టేంత చలి ఉన్నచోట గోడల్లోని తడి మంచుగా మారి ఉబ్బి, కుండీని చీల్చేస్తుంది. పైన గ్లేజ్ (గాజులాంటి నున్నటి పూత) వేసిన కుండీ చూడ్డానికి మట్టిదే అయినా తడి విషయంలో ప్లాస్టిక్ లాంటిదే.

ప్లాస్టిక్ తొట్టి తేలిక, తడి నిలుపుతుంది. కానీ పలచటిదైతే ఎండకు పెళుసుబారి అంచు పట్టుకోగానే విరుగుతుంది. రంగు కూడా ముఖ్యమే. నేరుగా ఎండ తగిలే నల్ల తొట్టిలో గోడ పక్కన మట్టి 45 డిగ్రీలు దాటగలదు. ఆ వైపు వేళ్లు మాడిపోతాయి, మొక్క ఎందుకు వాడుతోందో మనకు అర్థం కాదు. లేతరంగు తొట్టి కొనండి. నల్లది ఇప్పటికే ఉంటే ఎండ పడే వైపు చిన్న కుండీలు వరసగా పెట్టండి. మొక్కకు ఎండ తగలనివ్వండి, తొట్టికి మాత్రం నీడ ఉండాలి.

ఫ్యాబ్రిక్ గ్రో బ్యాగ్ వేళ్లకు చాలా మేలు చేస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో వేరు గోడను తాకి గుండ్రంగా చుట్టుకుంటూ పోతుంది. గుడ్డ బ్యాగులో వేరు కొస గాలి తగిలి ఎండిపోతుంది, వెనక నుంచి పిల్లవేళ్లు పుడతాయి. కొన్నాళ్లకు మట్టి నిండా సన్నని వేళ్లు అల్లుకుంటాయి. కాకపోతే అన్ని వైపులా తడి ఆరిపోతుంది. పెద్ద బ్యాగును ఎత్తి జరిపితే మట్టి కదిలి వేళ్లు తెగుతాయి. పైగా కొన్నేళ్లకు గుడ్డ చివికిపోతుంది. అందుకే దీన్ని కూరగాయలకు వాడతాను, ఏళ్లకేళ్లు ఉండే చెట్లకు వాడను.

సిమెంట్ తొట్టి గాలికి పడిపోదు, అంతే. కొత్తదాంట్లోంచి సున్నం దిగుతుంది కాబట్టి కొన్ని వారాలు నీళ్లు నింపి, మారుస్తూ ఉండాలి.

చెట్లకు నా ఓటు వాడేసిన డ్రమ్ముకే. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా కోస్తే చెరో 100 లీటర్ల తొట్లు రెండు వస్తాయి. గోడ మందంగా ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. అడుగున త్రికోణంలో 2 అనే అంకె ఉంటే అది గట్టి రకం పాలిథిన్. కానీ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, అంతకుముందు అందులో ఏం పోశారన్నది అసలు ప్రశ్న. ఆహార పదార్థాలు నిల్వ చేసిన డ్రమ్మే తీసుకోండి. ఏం పోశారో చెప్పలేనిది ఎంత చవకైనా వద్దు.

ఇప్పుడు మట్టి. నేలలో చక్కగా పనిచేసే మట్టి తొట్టిలో ఎందుకు గట్టిపడి చెడుతుంది? నేలలో మట్టి కింద ఇంకా మట్టి ఉంటుంది, నీళ్లు దిగుతూ పోతాయి. తొట్టిలో అడుగు అడ్డొస్తుంది. రంధ్రాలున్నా అడుగున కొంత మందాన మట్టి నీళ్లను వదలకుండా పట్టుకునే ఉంటుంది. తడి స్పాంజిని పడుకోబెట్టి పట్టుకోండి, కాసేపటికి కారడం ఆగుతుంది. దాన్నే నిలువుగా తిప్పితే ఇంకొన్ని నీళ్లు కారతాయి. తొట్టి మట్టి కూడా అంతే. ఆ తడి పొర మందం మట్టి రేణువుల సైజును బట్టి ఉంటుంది. సన్నటి మట్టిలో ఎక్కువ, ముతక మిశ్రమంలో తక్కువ. కాబట్టి లోతులేని వెడల్పాటి తొట్టిలో సన్నమట్టి నింపితే వేళ్లలో పెద్ద భాగం బురదలోనే ఉంటుంది.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ చెబుతారు. నిజానికి దిగవు. పైనున్న సన్నమట్టి పూర్తిగా నానేదాకా నీళ్లు రాళ్ల సందుల్లోకి రావు. అంటే తడి పొర అడుగున ఉండాల్సింది రాళ్ల మందాన పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. రాళ్లు మానేసి రంధ్రం మీద చిన్న జాలీ ముక్క వేయండి చాలు.

కోకోపీట్, పీట్ (చిత్తడి నేలల్లో నాచు లాంటివి పేరుకుని ఏర్పడేది) మధ్య ఏది మేలంటే నేను కోకోపీటే అంటాను. పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ ఓ పట్టాన తడవదు, పైన పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. పైగా అది పుట్టే చిత్తడి నేలల్లో ఏడాదికి ఒక మిల్లీమీటరు మందానే చేరుతుంది. మన తొట్టి కోసం అంత అపురూపమైనదాన్ని తవ్వడం నాకు ఇష్టం లేదు. 5 కిలోల కోకోపీట్ ఇటుక నానితే 70 లీటర్ల దాకా పొంగుతుంది. కానీ అందులో ఉప్పు ఉండవచ్చు, రెండుమూడు సార్లు కడిగి వాడండి. పోషకాలు దాదాపు ఉండవు కాబట్టి కంపోస్టో, బాగా మాగిన పశువుల ఎరువో తప్పక కలపాలి.

కంపోస్ట్ ఎక్కువైనా చిక్కే. అది కుళ్లుతూ కుంగిపోతుంది. ఒక పంటకాలం ఉండే మొక్కకు పర్వాలేదు, పంట అయ్యాక మళ్లీ పోసుకుంటాం. మూడేళ్లు కదపని నిమ్మచెట్టుకు మాత్రం మట్టి కిందికి దిగి, అడుగు బిగుసుకుంటుంది. చెట్లకు కుళ్లనివి సగానికి పైగా ఉండాలి: నేలమట్టి, ముతక ఇసుక, పెర్లైట్ (వేడికి ఉబ్బిన తేలికపాటి తెల్ల రాతి గుళికలు), నలగ్గొట్టిన ఇటుక ముక్కలు. సన్న ఇసుక వద్దు, అది ఉన్న సందుల్నీ పూడ్చేస్తుంది.

అందుకని డ్రమ్ములో చెట్టు పెడితే మూడు పాళ్లు నేలమట్టి, మూడు పాళ్లు ముతక ఇసుక లేదా ఇటుక ముక్కలు, రెండు పాళ్లు కంపోస్ట్, రెండు పాళ్లు కోకోపీట్ కలుపుతాను. గ్రో బ్యాగులో కూరగాయలకైతే కోకోపీట్, కంపోస్ట్ చెరో నాలుగు పాళ్లు, నేలమట్టి రెండు పాళ్లు. మట్టి కుండీలో పొడినేల మొక్కలకు మొదటి మిశ్రమంలోంచి కోకోపీట్ తీసేసి ఆ మేరకు ఇసుక పెంచండి.

మొక్క నాటకముందే ఒకసారి తొట్టి నింపి, నిండా నీళ్లు పోసి చూడండి. పైన రెండుమూడు నిమిషాలైనా నీళ్లు నిలిచే ఉంటే మిశ్రమం సన్నగా ఉన్నట్టే, ముతకది ఇంకొంచెం కలపాలి. మర్నాడు అర అడుగు లోతు తవ్వి పిడికెడు మట్టి పిండండి. నీళ్లు ధారగా కారితే తడి ఎక్కువ, ముద్ద కట్టకుండా పొడిగా రాలిపోతే తక్కువ. మొక్క నాటాక 100 లీటర్ల మట్టిని మార్చడం చాలా కష్టం కాబట్టి ఈ రెండు రోజులూ ఆగండి.