సెల్లార్‌లో నీళ్లు తోడే ఒక హెచ్‌పీ పంపు: ప్లేటు మీద ఎంత, పైపులోంచి ఎంత?

శ్రీకాకుళంలో నాగావళి పొంగితే ముందే కబురొస్తుంది. ఒడిశా కొండల్లో పడ్డ వాన ఇక్కడిదాకా దిగాలి కదా! ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో విరుచుకుపడే గాలివానకు ఆ మర్యాద లేదు. అరగంటలో కాలువ నిండి, రోడ్డు మీది నీరు ర్యాంపు దిగి సెల్లార్‌లోకి వచ్చేస్తుంది. అలాంటప్పుడు వాడే ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మురుగునీటి సబ్‌మెర్సిబుల్ పంపు ఇది. కొనొచ్చు. పంపు మీది ప్లేటు చూసి మోసపోకుంటే చాలు.

ప్లేటు మీద నిమిషానికి 250 లీటర్లు, 10 మీటర్ల ఎత్తు అని ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి రావు. పైకెత్తే పనే లేనప్పుడు 250 లీటర్లు. 10 మీటర్ల దగ్గర చుక్క కూడా పడదు. రెండంగుళాల పైపుతో నాలుగు మీటర్లు ఎత్తించి చూస్తే 200 లీటర్ల నీలం డ్రమ్ము 80 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 150. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు సెల్లార్‌లో అడుగు లోతు నీళ్లంటే సుమారు 22,600 లీటర్లు. రెండున్నర గంటల పని. అదీ కొత్త నీరు ఆగితేనే. ముందు ర్యాంపు నోట ఇసుక బస్తాలు పడాలి.

చవగ్గా దొరికే అంగుళం పైపు బిగిస్తే ఇందులో సగం కూడా రాదు. చుట్ట గొట్టం మెట్టు అంచున మడత పడినా అంతే. పైపు కొసను ఇంటి ముందు నిండిన కాలువలో వదిలితే అదే నీరు తిరిగి ర్యాంపు దిగుతుంది. పంపు ఆపగానే పైపులోంచి వెనక్కి జారకుండా నాన్‌రిటర్న్ వాల్వు వేయించాలి.

దీని అసలు జబ్బు పాలకవర్లు, కొబ్బరిపీచు. జాలీకి చుట్టుకుని, నీటిని నెట్టే రెక్కల చక్రం (ఇంపెల్లర్) పట్టేస్తుంది. మోటారు గుయ్‌మంటుంది, తిరగదు. పంపును చిల్లుల ప్లాస్టిక్ క్రేటులో పెట్టి దించితే చాలావరకు తప్పుతుంది. తిరగకపోతే ముందు కరెంటు తీసి జాలీ చూడండి, మోటారును కదిలించే కెపాసిటర్ సంగతి తర్వాత. నీరు అయిపోయాక వట్టిగా తిరిగితే, మోటారులోకి నీరు పోకుండా ఆపే సీలు మాడుతుంది. నీరు తగ్గగానే పంపును ఆపే ఫ్లోటు స్విచ్చు కాపాడుతుంది గానీ అడుగున నాలుగైదంగుళాల నీరు వదిలేస్తుంది. మూలన రెండడుగుల గుంత తవ్వించి పంపును అందులో దించితే ఆ బాధ లేదు.

గాలివానలో కరెంటు పోవడం మామూలే. ఇంటి ఇన్వర్టరు ఈ పంపును లాగలేదు, మూడు కేవీఏ జనరేటరు కావాలి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చు లేకుండా మాత్రం వాడొద్దు. పంపును వైరు పట్టుకుని కాదు, నైలాన్ తాడుతో దించాలి. అది నడుస్తుండగా నీళ్లలో కాలు పెట్టకూడదు.

పని అయ్యాక మంచినీళ్లలో ఐదు నిమిషాలు నడిపి, నూనె బిరడా విప్పి చూడండి. నూనె పాలలా తెల్లబడితే సీలు పోయినట్టే. సీలు మార్చేదాకా మళ్లీ నీళ్లలో దించొద్దు.