వెనక చక్రాల గుడగుడ: నాలుగేళ్ళు నడిపాక

అనంతపురంలో ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్ వీల్ డ్రైవ్ సెడాన్ ఎందుకప్పా అని అడగనివాళ్ళు లేరు. ఏడాది మొత్తం కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా. మంచు లేదు, బురద లేదు. అయినా కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, మూడొందల పైచిలుకు గుర్రాల బలం, బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. నాలుగేళ్ళలో 58 వేల కిలోమీటర్లు తిరిగాను. కంపెనీ పేరు రాయను. ఈ కథలో తప్పు బండిది కాదు, నాది.

మంచీచెడూ ముందే చెప్పేస్తాను. 44వ నంబరు హైవే మీద పెనుకొండ దాటాక దీన్ని మించిన సుఖం లేదు. ఊళ్ళో లీటరుకు తొమ్మిది, హైవేలో పదమూడు. సస్పెన్షన్ గట్టిది, కదిరి రోడ్డులో నడుం లెక్కలు అడుగుతుంది. మే నెల ఎండలోనూ ఏసీ వెనకాడలేదు. ఇంతే. అసలు రాయాలనుకున్నది వెనక నుంచి వచ్చిన గుడగుడ గురించి.

పోయినేడాది మొదలైంది. అరగంట నడిపాక పెట్రోల్ బంకులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలిస్తే వెనక సీటు కింద గుడగుడమని అదురు. ఎవరో హ్యాండ్ బ్రేక్ సగం లాగి పట్టుకున్నట్టు బండి బిగుసుకునేది. పొద్దున్నే చల్లటి బండిలో మాత్రం ఏమీ లేదు. బెంగళూరులో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే ఒక రౌండు నడిపి, వెనక డిఫరెన్షియల్ (ఎడమ కుడి చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె), దాని ముందుండే కప్లింగ్ (ఇంజను బలాన్ని వెనక చక్రాలకు కలిపే క్లచ్) రెండూ మార్చాలన్నారు. నాలుగు లక్షల పైన అంచనా కాగితం చేతిలో పెట్టారు. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

గుత్తి రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఒకప్పుడు లారీలు చేసినవాడు. "ఏమప్పా, ఎనక హౌసింగ్ పోయిందనుకుంటాండావా?" అన్నాడు, డిఫరెన్షియల్ పెట్టె గురించి. వెనక చక్రాలు జాకీ మీద లేపి, గేరులో వేసి శబ్దం వింటానన్నాడు. వద్దన్నా అని ఆపాను. ఈ బండిలో ముందు చక్రాలు నేల మీదుంటే జాకీ మీద నుంచి దూకేస్తుంది. తిప్పి చూడాలంటే నాలుగూ గాల్లో ఉండాల్సిందే. ముందు చక్రాలు లేపి వెనకవి ఈడ్చుకుపోయే క్రేను కూడా దీనికి పనికిరాదు, ఫ్లాట్‌బెడ్ పిలవాలి.

కాబట్టి విప్పకుండానే ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ వచ్చాం. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు పోతే మలుపులో టకటకమంటుంది, బండి చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా. వీల్ బేరింగ్ అయితే వేగంతో పాటు కూత పెరుగుతుంది. బలాన్ని ముందు నుంచి వెనక్కి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగ్ అయితే నేరుగా పోతున్నప్పుడు కూడా అదురుతుంది. మాది వేడెక్కాకే, బిగువైన మలుపులోనే. వేడి అనగానే మెకానిక్ అన్న నూనె మాట ఎత్తాడు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే పెద్ద వలయం తిరుగుతాయి. ఆ తేడాను మింగాల్సింది కప్లింగే. లోపల నూనెలో మునిగిన క్లచ్ ప్లేట్ల పొర, వాటిని నొక్కడానికి చిన్న ఎలక్ట్రిక్ పంపు. నూనె చెడితే ప్లేట్లు జారాల్సిన చోట పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. ఆ గుడగుడ అదే.

రుజువుకు మాన్యువల్ చూసి ఆ పంపు ఫ్యూజు పీకాం. డాష్ బోర్డు మీద హెచ్చరిక వెలిగింది, అదురు మాయమైంది. మరి నూనె అంత త్వరగా ఎందుకు చెడింది?

జవాబు స్కానర్‌లో దొరికింది, అదీ ఎర్రర్ కోడ్‌లో కాదు. నడుస్తుండగానే ఒక్కో చక్రం వేగం చూపించే లైవ్ డేటా పెట్టి నేరుగా 60లో పోతుంటే మూడు చక్రాలు 60 చూపిస్తున్నాయి, వెనక ఎడమది 59. ఆ చక్రం మెల్లగా తిరుగుతోందంటే మిగతావాటి కంటే పెద్దది. అప్పుడు గుర్తొచ్చింది. ఏడు నెలల కింద తాడిపత్రి రోడ్డులో బండల లారీ నుంచి పడిన రాతిముక్క తగిలి ఆ టైరు పక్క చీలింది. అదే కంపెనీ, అదే 225/40 సైజు, 18 అంగుళాలది ఒక్కటే కొని వేయించాను. మిగతా మూడూ అరిగి 3 మిల్లీమీటర్ల ట్రెడ్‌కు (గాడుల లోతుకు) వచ్చాయి, కొత్తదానికి 8.

అన్న నమ్మలేదు. షెడ్డులో కడప బండలు పరిచిన నేల మీద వెనక రెండు టైర్లకూ కింద సుద్దముక్కతో గీత గీశాం, నేల మీద కూడా. ఇద్దరం బండిని తోశాం. కుడి టైరు గీత ఐదోసారి నేలను తాకిన చోట ఒక గుర్తు, ఎడమది తాకిన చోట ఇంకో గుర్తు. టేపు పెడితే మధ్యలో 15 సెంటీమీటర్లు. చుట్టుకు మూడు. అన్న మోకాళ్ళ మీద కూర్చుని ఇంకోసారి కొలిచి, "ఇంత తేడానా!" అన్నాడు.

ఎడమ కుడి తేడాను వెనక డిఫరెన్షియల్ సర్దుకుంటుంది, కానీ అందులో సగం కప్లింగ్ మీదికే వస్తుంది. చక్రం లెక్కలో కిలోమీటరుకు నాలుగు చుట్లు. ఒక్కసారి బెంగళూరుకు పోతే ఎనిమిది వందలకు పైగా చుట్లు, నేరుగా ఉన్న రోడ్డులో కూడా ప్లేట్లు రాసుకుంటూనే. చాలా కంపెనీలు ట్రెడ్ తేడాను రెండు మూడు మిల్లీమీటర్లకు మించనివ్వవద్దని చెప్పేది ఇందుకే. నేను ఐదుతో తిరిగాను, మూడు టైర్ల డబ్బు మిగిలిందని సంబరపడుతూ.

నూనె దింపితే లీటరు కూడా లేదు, మాడిన పప్పు వాసన. పంపు జల్లెడ మీద కాటుకలాంటి మడ్డి, వేళ్ళతో రుద్దితే సన్నగా గరగర. కడిగి, కంపెనీ చెప్పిన నూనే పోసి, నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాను. అన్నీ కలిపి లక్ష దాటింది, ఎక్కువ భాగం టైర్లకే. మొదటి వంద కిలోమీటర్లు కాస్త అదురు మిగిలింది, తర్వాత అదీ పోయింది. ఇప్పటికి 11 వేల కిలోమీటర్లయింది, నిమ్మళంగా ఉంది. అయినా ప్లేట్లు ఎంత అరిగాయో తెరిచి చూసింది లేదు, కనుక నూనె ఈసారి గడువు కంటే ముందే మారుస్తాను.

ముందు ఎడమవైపు స్పీడ్ బ్రేకర్ మీద కిర్రుమనే శబ్దం ఒకటి మాత్రం ఇంకా ఉంది. బుష్ అని నేను, లింక్ రాడ్ అని అన్న. ఆదివారం విప్పుతాం.