పేరు మారిన ఇంటి మీద లోన్ మారుస్తామంటే జాగ్రత్త: ఫీజు కట్టకముందే ఇవి చూసుకోండి

తక్కువ వడ్డీకి హోమ్ లోన్ వేరే బ్యాంకుకి మార్పిస్తామని ఫోన్ చేసే ఏజెంట్లు చాలాసార్లు అసలు ప్రశ్న అడగరు. ఇల్లు ఎవరి పేరున ఉంది, లోన్ ఎవరి పేరున ఉంది? అమ్మానాన్నల పేరు నుంచి ఈమధ్యే మీ పేరుకి మారిన ఇల్లయితే, ఇది తేలేదాకా లాగిన్ (దరఖాస్తు) ఫీజు, లీగల్ ఫీజు, వాల్యుయేషన్ ఫీజు ఏదీ కట్టొద్దు. బ్యాంకు లాయరు టైటిల్ (యాజమాన్య హక్కు) ఒప్పుకోకపోయినా ఆ డబ్బు సాధారణంగా వెనక్కి రాదు.

అందరికంటే ఎక్కువ ఇరుక్కునేది లోన్ నడుస్తుండగానే గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాయించుకున్నవాళ్ళు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీస్తే బ్యాంకు ఎంఓడీటీ (దస్తావేజులు తాకట్టు పెట్టినట్టు రాసిన పత్రం) ఒక ఎంట్రీగా, ఆ తర్వాత మీ గిఫ్ట్ డీడ్ మరో ఎంట్రీగా కనిపిస్తాయి. అంటే బాకీ నాన్నగారిది, ఇల్లు మీది. ఇలాంటి లోన్‌ని కొత్త బ్యాంకు తీసుకోదు. పాత బ్యాంకేమో తన అనుమతి లేకుండా ఆస్తి బదలాయించారని, ఒప్పందం ఉల్లంఘించారని నోటీసు ఇవ్వొచ్చు. ముందు పాత బ్యాంకు నుంచి రాతపూర్వకంగా ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి, మిమ్మల్ని కో-బారోయర్‌గా (ఉమ్మడి అప్పుదారుగా) చేర్పించండి, ఆ తర్వాతే డీడ్ రిజిస్టర్ చేయించండి. డీడ్ ఇప్పటికే అయిపోయి ఉంటే దాచిపెట్టి కొత్త బ్యాంకుకి వెళ్ళొద్దు, ఈసీలో ఎలాగూ బయటపడుతుంది. పాత బ్యాంకుతోనే మాట్లాడి సరిచేసుకోవాలి.

గిఫ్ట్ డీడ్‌లో తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతు ఉంటే బ్యాంకు లాయర్లు వెనకాడతారు. ఆ షరతు తప్పితే, 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం సెక్షన్ 23 కింద డీడ్ రద్దు కావచ్చు. కొడుక్కి ఒక తల్లి రాసిన గిఫ్ట్‌ని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇలాగే రద్దు చేసింది. షరతు తీసేసి కొత్త డీడ్ రాయించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినొద్దు. అది పెద్దవాళ్ళకున్న రక్షణ. బదులుగా వాళ్ళని కో-అప్లికెంట్లుగా చేరుస్తామని బ్యాంకుని అడగండి.

తండ్రి వీలునామా లేకుండా పోయిన ఇళ్ళది ఇంకో చిక్కు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను మ్యుటేషన్ (పన్ను రికార్డులో పేరు మార్పు), రెండూ టైటిల్ కావు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జిత ఆస్తిలో భార్య, కొడుకులు, పెళ్ళయిన కూతుళ్ళతో సహా ఆడపిల్లలందరూ, బతికుంటే ఆయన తల్లి కూడా సమాన వాటాదారులు. నాయనమ్మ సంతకం మర్చిపోవడం వల్ల ఆగిపోయే ఫైళ్ళుంటాయి. వాటా వదులుకునేవాళ్ళు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఇవ్వాలి, నోటరీ కాగితం చాలదు. ఇంకా ముఖ్యం, ఆ లోన్‌కి ఇన్సూరెన్స్ ఉందేమో లోన్ మార్చకముందే చూడండి. ఉంటే బాకీ క్లెయిమ్‌తోనే తీరొచ్చు, మీరు కొత్త అప్పు ఎత్తుకోనక్కర్లేదు.

శాంక్షన్ లెటర్ వచ్చాక అందులో లోన్ రకం చదవండి. కొన్నిసార్లు ఫోన్‌లో హోమ్ లోన్ అని చెప్పి, కాగితంలో లోన్ ఎగెనెస్ట్ ప్రాపర్టీ (ఆస్తి తాకట్టు మీద ఇచ్చే మామూలు అప్పు) అని రాస్తారు. దానికి వడ్డీ ఎక్కువ, ఇంటి విలువ మీద ఇచ్చే మొత్తం తక్కువ. టాప్-అప్ (ఉన్న లోన్ మీద అదనంగా ఇచ్చే అప్పు) రేటు కూడా విడిగా అడగండి. ఇక మీ పాత లోన్ ఫ్లోటింగ్ రేటుదై, వ్యక్తిగత హోదాలో తీసుకున్నదైతే ముందస్తు చెల్లింపు పెనాల్టీ ఉండదు. అడిగితే రిజర్వు బ్యాంకు నిబంధన చూపించండి.

కొత్త బ్యాంకు డీడీ ఇచ్చిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పాత బ్యాంకులో అది జమయ్యేదాకా అక్కడా నడుస్తుంది. అందుకే డీడీని అదే రోజు వేయించండి. జమచేసేటప్పుడు ఫోర్‌క్లోజర్ లెటర్ (బాకీ మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో పాత బ్యాంకు ఇచ్చే లెటర్) గడువు దాటకుండా చూసుకోండి. బ్యాంకు దగ్గరున్న దస్తావేజుల జాబితాని ముందే తీసుకుని, ప్రతి లింకు డాక్యుమెంటునీ (పాత యజమానుల నుంచి వచ్చిన దస్తావేజునీ) సరిపోల్చుకోండి. బాకీ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ వదలాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. ఈ నిబంధన 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

పాత ఎంఓడీటీ రద్దు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరయ్యాక కొత్త ఈసీ తీసి, ఆ ఎంట్రీ పడిందో లేదో చూడండి. సెర్సాయ్‌లో (ఆస్తుల మీద బ్యాంకుల తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీలో) కూడా పాత బ్యాంకు తన ఛార్జ్ (తాకట్టు నమోదు) తీసేసిందేమో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.