ట్యూబులర్ తీసి లిథియం పెట్టే ముందు: 12.8 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీ రివ్యూ

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఇన్వర్టర్ షాపుల్లో ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ ఆసిడ్) బ్యాటరీల పక్కనే ఇప్పుడు చిన్న పెట్టె ఒకటి కనిపిస్తోంది. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), లిథియం ఐరన్ ఫాస్ఫేట్. బరువు 12 కిలోలు అటూఇటూ, ఒక్క చేత్తో లేపొచ్చు. 150 ఏహెచ్ ట్యూబులర్ కదలాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ధర మాత్రం దాదాపు రెట్టింపు. బ్యాటరీకి వంక పెట్టేది తక్కువే, గొడవంతా దాన్ని బిగించే తీరులో ఉంది.

కొనేటప్పుడు మొదట లేబుల్ చదవండి. 12.8 అని ఉంటే లోపల 3.2 వోల్టుల సెల్స్ నాలుగు వరసగా కలిపారని అర్థం, అది ఐరన్ ఫాస్ఫేట్. 11.1 అనో 14.8 అనో ఉంటే వేరే రకం. అది వేడెక్కితే తొందరగా అదుపు తప్పుతుంది, ఇంట్లోకి వద్దు. (ఈ ఐరన్ ఫాస్ఫేట్ సంగతి 1997లో టెక్సాస్ నుంచి బయటపెట్టిన వాళ్లలో గుడెనఫ్ అనే శాస్త్రవేత్త పక్కన పాధి, నంజుండస్వామి అనే మన పేర్లు కూడా ఉన్నాయి.) సెల్స్ ఎక్కువగా చైనావే. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సెల్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన అయింది, ఏటా 16 గిగావాట్ అవర్ల సెల్స్ లక్ష్యం. సీరియల్ నంబరు, తయారైన నెల లేని లోకల్ అసెంబ్లీ ప్యాక్ అయితే ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

బ్యాకప్ లెక్క ఇది. 75 వాట్ల ఫ్యాన్లు మూడు, 9 వాట్ల బల్బులు నాలుగు, టీవీ, రూటర్ కలిపి 320 వాట్లు. బ్యాటరీలో ఉండేది 1280 వాట్ అవర్లు. ఇన్వర్టర్ తినేది పోగా మూడు గంటల పైన నడుస్తుంది. ఫ్యాన్లు తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం అయితే ఐదు గంటలు దాటుతుంది. 150 ఏహెచ్ ట్యూబులర్‌కు కాగితం మీద 1800 ఉంటుంది కానీ అది 20 గంటలు మెల్లగా వాడితే వచ్చే లెక్క. పైగా రోజూ అడుగంటా వాడితే ప్లేట్లు పోతాయి. చార్జింగ్‌లో తేడా ఇంకా పెద్దది. ట్యూబులర్ చివరి భాగం నసుగుతూ ఎక్కుతుంది. లిథియం దాదాపు చివరిదాకా ఒకే కరెంటు తీసుకుంటుంది, 15 ఆంపియర్ల చార్జింగ్‌తో ఏడు గంటల్లో నిండుతుంది. గాలివానకు కరెంటు పోతూ వస్తూ ఉండే రోజుల్లో దీని విలువ తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు. పాత ఇన్వర్టర్ వెనకాల మోడ్ స్విచ్ ట్యూబులర్ మీదే వదిలేసి పోతారు. ఆ మోడ్‌లో కొన్ని ఇన్వర్టర్లు మధ్యమధ్య 15 వోల్టుల పైకి తోస్తాయి. లిథియం సెల్‌కు హద్దు 3.65, అంటే మొత్తం 14.6. అది దాటగానే లోపలి రక్షణ బోర్డు, బీఎంఎస్, లైను కోసేస్తుంది. స్విచ్‌లో లిథియం ఉంటే అదే పెట్టండి, లేకపోతే ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయక్కర్లేని మూసిన బ్యాటరీల మోడ్). టర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడాలి: చార్జింగ్ చివర్లో 14.2 నుంచి 14.6, నిండాక 13.5 చుట్టూ నిలవాలి. ఈ రెండు అంకెలు మీ ముందే చూపించని మెకానిక్‌కు డబ్బులియ్యకండి.

రెండో తంటా, బ్యాటరీ "చచ్చిపోవడం". పూర్తిగా ఖాళీ అయితే బీఎంఎస్ ఆపేస్తుంది, మీటర్‌లో సున్నా వస్తుంది. బ్యాటరీ లేదనుకుని కొన్ని ఇన్వర్టర్లు చార్జింగే మొదలుపెట్టవు. లోడు, ఇన్వర్టర్ ఆపి, వైర్లు విప్పి, విడిగా 14.4 వోల్టుల లిథియం చార్జర్ కాసేపు పెడితే లేస్తుంది. పాత ట్యూబులర్‌ను పక్కన జోడించి లేపే పని మాత్రం చేయనియ్యకండి, రెండింటి మధ్య కరెంటు ఎంత పారుతుందో అదుపు ఉండదు. అర హెచ్‌పీ మోటర్ ఇన్వర్టర్ మీద వేసినా బీఎంఎస్ ఇలాగే ఆపేస్తుంది. మోటర్ ఎత్తుకునేటప్పుడు మామూలు కంటే ఐదారింతలు కరెంటు లాగుతుంది. ట్యూబులర్ డీలా పడుతుంది, ఇది టక్కున ఆగిపోతుంది.

ఇన్వర్టర్ మీది బ్యాటరీ లైట్లను నమ్మొద్దు. సగం అయిపోయినా వోల్టేజి పెద్దగా తగ్గదు కాబట్టి నిండుగానే చూపిస్తాయి, చివర్లో ఒక్కసారిగా పడిపోతాయి.

నీళ్ల పని లేకపోవడం మన దిక్కు పెద్ద లాభం. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని బోరు నీళ్లు పోస్తే ఆ ఉప్పులకు ట్యూబులర్ ప్లేట్లు తొందరగా పాడవుతాయి. ఆసిడ్ వాసన, గ్యాస్ కూడా లేవు కాబట్టి దీన్ని గదిలోనే పెట్టొచ్చు. రేకుల కింద, సజ్జ మీద మాత్రం వద్దు. ఎండకాలం అక్కడి వేడికి సెల్స్ ఆయుష్షు తగ్గుతుంది. చుట్టూ నాలుగు వేళ్ల సందు వదలండి. టర్మినల్ నట్లు బిగించిన నెలకు మళ్లీ ఒకసారి పానాతో చూసుకోవాలి, వదులైన లగ్గు (వైరు చివరి రింగు) కాలి టర్మినల్‌ను కరిగిస్తుంది.

కెపాసిటీ పరీక్షకు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు రెండు చాలు. నిండా చార్జ్ చేసి, మెయిన్ ఆపి, అవి రెండే వెలిగించి టైం చూడండి. ఐదు గంటలు రావాలి. నాలుగు గంటలకే ఆరితే సెల్స్ పాతవి, లేదా 100 అని రాసి తక్కువవి పెట్టారు. వారంలోపే చేసి, బిల్లుతో తిరిగి షాపుకు పోవాలి.

నెలకు రెండు మూడు సార్లు గంటసేపు కరెంటు పోయే ఇంటికి ఇంత పెట్టడం దండగ, ట్యూబులరే చాలు. దాన్ని పాతబడ్డాక కిలోల లెక్కన ఎక్స్‌చేంజ్‌లో తీసుకుంటారు కూడా. జిరాక్స్ సెంటర్, క్లినిక్, రాత్రిపూట తరచూ కోతపడే ఊరు అయితే లిథియమే తీసుకోండి, అదీ లిథియం మోడ్ ఉన్న ఇన్వర్టర్‌తో కలిపి.