ట్రైకో కార్డులు: రెండు దాళ్వాలు వాడి చూశాక

పశ్చిమ గోదావరి డెల్టాలో మాకున్న మూడెకరాల వరిలో కాండం తొలుచు పురుగుకు ఏటా పురుగుమందు గుళికలు చల్లేవాళ్లం. గత రెండు దాళ్వాలుగా (రబీ పంటలుగా) అవి మానేసి, మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న ఒక చిన్న జీవ నియంత్రణ కేంద్రం తయారుచేసే ట్రైకో కార్డులు కడుతున్నాను. కొత్తగా వాడదలచినవారు అమ్మేవారి దగ్గర ఏం అడగాలో ముందే తెలుసుకుంటే, నాలాగా ఒక విడత నష్టపోకుండా ఉంటారని ఇది రాస్తున్నాను.

కార్డు అంటే అరచేతిలో పట్టే అట్టముక్క. దాని మీద నల్లటి గరుకు కాగితంలా కనిపించేవన్నీ గుడ్లు, సుమారు 20,000. అవి ఇంట్లో నిల్వ ఉన్న బియ్యాన్ని, నూకలను గూళ్లు కట్టి పాడుచేసే కార్సైరా అనే రెక్కల పురుగువి. కేంద్రంలో ఆ పురుగును నలగ్గొట్టిన గింజల మీద పెంచి, అది పెట్టిన గుడ్లలో పిల్ల పుట్టకుండా అతినీలలోహిత కాంతి తగిలించి, జిగురుతో అట్టకు అంటించి, ట్రైకోగ్రామా అనే అతి చిన్న కందిరీగలున్న సంచిలో ఉంచుతారు. ఆడ ఈగ గుడ్డుకు రంధ్రం చేసి లోపల తన గుడ్డు పెడుతుంది. మూడు నాలుగు రోజులకు తెల్లని గుడ్డు నల్లబడుతుంది. మరి కొద్ది రోజులకు కొత్త ఈగ పెంకు కొరుక్కుని బయటికి వస్తుంది. బియ్యం పాడుచేసే పురుగు గుడ్డులో పెరిగిన ప్రాణి వరి చేనుకు కాపలా కాయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మొదటిసారి తెచ్చిన కార్డును తెల్లవారాక అరుగు మీద పెట్టుకుని భూతద్దంతో చాలాసేపు చూశాను. ఈగ పొడవు అర మిల్లీమీటరు ఉంటుందేమో, కళ్లు మాత్రం ఎర్రగా స్పష్టంగా కనిపించాయి. ఒకటి గుడ్డు మీదికెక్కి, మీసాలతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తట్టి చూసి, ఎందుకో వదిలేసి పక్క గుడ్డుకు వెళ్లింది. కళ్లజోడు లేకుండా మా అమ్మకు అట్ట మీద మసి కదులుతున్నట్టే కనిపించిందట.

చేలో జరిగేదీ ఇదే. కాండం తొలుచు పురుగు తల్లి పసుపు రంగులో ఉండి, ముందు రెక్కలకు ఒక్కో నల్ల చుక్కతో కనిపిస్తుంది. ఆకు కొనల దగ్గర గుంపుగా గుడ్లు పెట్టి, వాటిని గోధుమరంగు నూగుతో కప్పుతుంది. ఆ గుడ్లలో ట్రైకోగ్రామా తన గుడ్డు పెట్టగలిగితే కాండం తొలిచే పిల్ల పుట్టనే పుట్టదు. పిల్ల ఒకసారి కాండంలోకి దూరిందంటే మాత్రం ఈ ఈగ దానినేమీ చేయలేదు. మొవ్వులు చచ్చిపోవడం చూశాక కార్డుల కోసం పరుగెత్తితే డబ్బు దండగ. అందుకే ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలు పెట్టుకుని, మగ రెక్కల పురుగులు పడటం మొదలైన వారంలోనే మొదటి విడత కట్టాలి. నేను ఎకరానికి రెండు కార్డుల చొప్పున, వారానికొకసారి, నాలుగు విడతలు కట్టాను. కార్డును ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగున పిన్నులు కొట్టాము.

కేంద్రం పనితనం గురించి చెప్పాలంటే, మొదటి సంవత్సరం నేనే వెళ్లి తెచ్చుకున్న కార్డులన్నీ బాగున్నాయి. గుడ్లు నిండుగా, ఒకే నలుపుగా ఉన్నాయి. కార్డుకు 80 రూపాయలు తీసుకున్నారు. రెండో సంవత్సరం ఒక విడతను బస్సు పార్శిల్‌లో పంపారు. మధ్యాహ్నపు ఎండలో కవరు మూడు గంటలు ఎక్కడో ఆగిపోయింది. నేను విప్పేసరికి ఈగలు కవరులోనే పుట్టి, చాలా వరకు చచ్చి అడుగున పొడిలా పడి ఉన్నాయి. కవరు మీద ధర రాశారు, ఈగలు బయటికొచ్చే తేదీ రాయలేదు. ఫోన్ చేస్తే బదులు కార్డులిచ్చారు, ఆ మర్యాద మెచ్చుకోదగినదే. అయితే పురుగు గుడ్లు పెట్టే వారం మనకోసం ఆగదు. ప్రాణమున్న సరుకు అమ్మేవారు అది పుట్టే తేదీ రాయకపోవడం చిన్న లోపం కాదు. ఇంకో మాట: కాండం తొలుచు పురుగుకు ట్రైకోగ్రామా జపానికం, ఆకుముడత పురుగుకు ట్రైకోగ్రామా ఖిలోనిస్ వాడతారు. కౌంటర్లో ఉన్న కుర్రవాడికి ఈ తేడా తెలియదు, లోపలివారిని పిలిపించుకుని అడగాల్సి వచ్చింది.

ఫలితం విషయానికి వస్తే, రెండు దాళ్వాల్లోనూ మా చేలో ఈ పురుగు వల్ల గింజ పట్టని తెల్లకంకులు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప కనిపించలేదు. రెండో విడత తర్వాత ఆకుల మీద దొరికిన గుడ్ల గుంపుల నూగు గోటితో గీకితే, లోపల చాలా గుడ్లు నల్లగా ఉన్నాయి. ఇది ఒక్క చేను అనుభవమే. అయితే గుళికలు, పిచికారీలు లేకపోవడంతో దుబ్బుల మధ్య సాలీళ్లు, గట్ల మీద తూనీగలు బాగా పెరిగాయి. వరి రసం పీల్చే సుడిదోమను తినేది ఆ సాలీళ్లే కాబట్టి, నాకు ఈ లాభం తెల్లకంకులు తగ్గడం కంటే తక్కువేమీ కాదు. బోదెకు అవతలి చేనువారు మందు కొట్టిన రోజున గాలి మా వైపు వీచడంతో ఆ పక్క కట్టిన ముక్కలు వృథా అయ్యాయనే అనుమానం ఉంది. పక్కవారితో ముందే మాట్లాడుకోవడం మంచిది.

వచ్చే సార్వాకూ (ఖరీఫ్‌కూ) అక్కడే కొంటాను. అయితే పార్శిల్ వద్దని, పొద్దున్నే నేనే వెళ్లి, తేదీ రాయించుకుని, టిఫిన్ క్యారేజీ గిన్నెలో పెట్టి తడిగుడ్డ చుట్టి తెచ్చుకుంటానని వారికి ముందే చెప్పాను.